క్వాంటమ్ పేరు చెప్పేముందు అంకె చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆధ్యాత్మిక పేజీల్లో, ఆదివారం వ్యాసాల్లో, కార్తీకమాసం ప్రవచనాల వార్తల్లో "క్వాంటమ్ ఫిజిక్స్ కూడా ఇదే చెబుతోంది" అనే వాక్యం ఈ మధ్య తరచూ కనబడుతోంది. ఆ వాక్యం వెనక వచ్చేది ఏదైనా కావొచ్చు. ఆత్మకు చావు లేదని ఒకరు, మనసు గట్టిగా తలుచుకుంటే వస్తువు మారుతుందని ఇంకొకరు, కనబడేదంతా మాయేనని మరొకరు. అటువైపు చూస్తే మా నల్లగొండలో హేతువాద సభలకూ కొదవ లేదు. ఆ వేదికల మీద "ప్రతిదానికీ ముందున్న కారణం ఉంటుంది, అంతా పదార్థమే, సైన్సు ఎప్పుడో తేల్చేసింది" అని అంతే ధీమాగా చెబుతారు. మొదటివాళ్లు 1926 తర్వాతి భౌతికశాస్త్రాన్ని, అంటే పరమాణువుల లోకపు లెక్కలు చెప్పే క్వాంటమ్ సిద్ధాంతాన్ని, చదవకుండానే వాడుకుంటున్నారు. రెండోవాళ్లు 1900కు ముందటి భౌతికశాస్త్రం దగ్గరే ఆగిపోయారు. ఈ సబ్జెక్టు పాఠం చెప్పేవాళ్లకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

ఆధునిక భౌతికశాస్త్రం తత్వచింతనను మార్చిన మాట నిజమే. ప్రపంచం గురించి మనం తరతరాలుగా ఇచ్చుకుంటున్న జవాబుల్లో కొన్ని ఇక చెల్లవని అది తేల్చింది. ఏది చెల్లదో, ఎంత కచ్చితంగా చెల్లదో ప్రయోగంలో వచ్చిన అంకె చెబుతుంది. మిగిలిన జవాబుల్లో ఏది నిజమో మాత్రం చాలాసార్లు చెప్పదు. అందుకని క్వాంటమ్ పేరెత్తేవాళ్లు ముందు ప్రయోగం పేరు, వచ్చిన అంకె చెప్పాలని మా కోరిక. పాఠకులు కాస్త ఓపిక పడితే ఆ అంకెల్లో కొన్నిటిని ఇక్కడ పెడతాను.

మన జిల్లా రాయి నుంచే మొదలుపెట్టొచ్చు. పెద్దవూర వైపు లంబాపురం, పెద్దగట్టు పేర్లు యురేనియం తవ్వకాలపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ నాటి నుంచి అందరికీ తెలిసినవే. 2019లో నల్లమలలో అమ్రాబాద్ పేరు అట్లనే మారుమోగింది. తవ్వకాల మంచిచెడ్డలు వేరే చర్చ, ఇక్కడ దాని జోలికి పోను. ఆ రాయిలో దాగిన యురేనియం మాత్రం తత్వవేత్తలకు పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. ఒక్క గ్రాము యురేనియం-238లో సుమారు రెండున్నర కోట్ల కోట్ల కోట్ల పరమాణువులుంటాయి. వాటిలో సెకనుకు దాదాపు 12,400 విచ్ఛిన్నమవుతాయి. ఉన్నదాంట్లో సగం పోవడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఇంత నికరమైన లెక్కలున్నా, వచ్చే సెకనులో పోయే 12,400 ఏవో ముందుగా చెప్పే దారి లేదు. మనిషికైనా ఎద్దుకైనా బోరు మోటారుకైనా వయసు మీదపడేకొద్దీ పోయే ప్రమాదం పెరుగుతుంది. యురేనియం కేంద్రకానికి అట్లా వయసు మీదపడటం లేదు. భూమితోపాటు వచ్చిన పాత కేంద్రకానికీ, ప్లుటోనియం నుంచి నిన్ననే పుట్టిన కేంద్రకానికీ వచ్చే సెకనులో పగిలే అవకాశం ఒక్కటే. నిప్పుల్లో వేసినా, మంచులో పాతిపెట్టినా ఆ వేగం మారదు.

రేడియోధార్మికతను లెక్కపెట్టే గైగర్ కౌంటరు ఉన్న ఏ కాలేజీ ల్యాబులోనైనా దీన్ని కళ్లారా చూడొచ్చు. మన గ్రానైటులో టన్నుకు కొన్ని గ్రాముల యురేనియం, అంతకంటే కొంత ఎక్కువ థోరియం, శాతాల లెక్కన పొటాషియం ఉంటాయి. రాయి పెట్టకుండా నిమిషానికి 25 కౌంట్లు వచ్చాయనుకుందాం. మరుసటి నిమిషం 19 రావొచ్చు, ఆ తర్వాత 31 రావొచ్చు. కౌంటరు చెడిపోయిందని దాన్ని తట్టి చూసేవాళ్లుంటారు. కౌంటరు బాగానే ఉంటుంది. ఇలాంటి ఘటనల్లో వచ్చిన లెక్కకు వర్గమూలమంత హెచ్చుతగ్గులు మామూలే. 25కు 5, 100కు 10, 10,000కు 100. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. ఒక్క నిమిషం రాయి పెట్టి, 32 వచ్చిందని చూసి, రాయిలో రేడియోధార్మికత ఉందని రికార్డులో రాసేస్తారు. అరగంట రాయితో, అరగంట రాయి లేకుండా లెక్కపెట్టాలి. రాయి లేకుండా 750 వస్తే అందులో ఊగిసలాట 27. రెండు లెక్కల తేడాలో ఊగిసలాట 40 దగ్గర ఉంటుంది. తేడా దానికి మూడింతలు, అంటే 120 దాటితేనే గట్టిగా మాట్లాడాలి.

1814లో ఫ్రాన్స్‌లో లాప్లాస్ ఒక మాట రాశాడు. ఈ క్షణాన అన్ని కణాల స్థితి, వాటి మీద పనిచేసే బలాలు తెలిసిన బుద్ధి ఒకటి ఉంటే, దానికి భవిష్యత్తులో తెలియనిదంటూ ఏదీ ఉండదని. దేవుడిని పక్కనపెట్టిన తలరాత అది. యురేనియం ముందు ఆ బుద్ధి ఏం చేస్తుంది? వచ్చే సెకనుకు 12,400 అని సగటు చెబుతుంది, అంతకు మించి చెప్పడానికి దానికీ ఆధారం లేదని నేటి పాఠ్యపుస్తకం అంటుంది. అయితే ఇంతటితో "కారణం లేదని రుజువైంది" అని రాస్తే అదీ తొందరపాటే. 1952లో డేవిడ్ బోమ్, ప్రతి కణానికీ కచ్చితమైన దారి ఉందంటూ, పాఠ్యపుస్తకపు క్వాంటమ్ లెక్కలన్నిటినీ పొల్లుపోకుండా తెచ్చే సిద్ధాంతాన్ని కట్టి చూపించాడు. దానికి చెల్లించాల్సిన వెల ఏమిటో కాసేపట్లో వస్తుంది. ఇంకో సంగతి, కేంద్రకం యాదృచ్ఛికంగా పగిలినంత మాత్రాన మనిషి ఇష్టానికి స్వేచ్ఛ వచ్చిపడదు. పాచికలు చెప్పినట్టు నడుచుకోవడం కూడా స్వేచ్ఛ కాదు కదా.

వాన సంగతి వేరు. దానికి క్వాంటమ్ అక్కర్లేదు. 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్, కారణానికి కార్యం తప్పకుండా కట్టుబడి ఉండే సమీకరణాలతోనే, మొదట్లో అతి చిన్న తేడా ఉంటే తర్వాత లెక్క ఎటో పోతుందని చూపించాడు. అందుకే రెండు వారాలు దాటాక ఫలానా రోజు వాన పడుతుందని పాలమూరు రైతుకు ఎవరూ చెప్పలేరు. ముందే నిర్ణయమై ఉండటం వేరు, ముందే తెలియడం వేరు. మా హేతువాద మిత్రులు ఈ రెండిటినీ కలిపేస్తుంటారు.

ఇక అసలు సంగతి. దీనికి పెద్దగా ఖర్చు కూడా లేదు. పాడైన లాప్‌టాప్ ఎల్‌సీడీ తెర నుంచి తీసిన పోలరైజర్ పొర (ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రమే పోనిచ్చేది) మూడు ముక్కలు కావాలి. రిపేరు దుకాణాల్లో పగిలిన తెరలు మూలన పడి ఉంటాయి. గాజు చీలికలు గుచ్చుకోకుండా చేతికి గుడ్డ చుట్టుకుని పొరను మెల్లగా ఒలవాలి. ముందు పొర మసకగా, గరుకుగా ఉంటే వెనకవైపుది వాడుకోవాలి. జిగురును స్పిరిటుతో తుడవాలి. బ్లేడుతో గీకితే గీతలు పడి వెలుగు చెదిరిపోతుంది. ఒక ముక్క మీద ఇంకొకటి పెట్టి తిప్పుతూ పోతే ఒకచోట పూర్తిగా చీకటవుతుంది. అప్పుడు వాటి మధ్య కోణం 90 డిగ్రీలు. ఆ రెండిటినీ కదపకుండా, మధ్యలోకి మూడో ముక్కను 45 డిగ్రీల వాలుగా దూర్చండి. చీకటిగా ఉన్నచోట వెలుగు వస్తుంది. అడ్డం ఒకటి ఎక్కువైతే కాంతి పెరిగింది!

మొదటి పొర దాటిన కాంతిలో పావు వంతు బయటికి రావాలని లెక్క. పొరే కొంత మింగేస్తుంది కాబట్టి అంతకు తక్కువే వస్తుంది. మధ్య ముక్కను 22.5 డిగ్రీలకు తిప్పితే వచ్చేది అందులో సగమవుతుంది. ప్రయోగం పాడయ్యే చోట్లు రెండు. మూడో ముక్కను మధ్యలో కాకుండా ముందో వెనకో పెడితే చీకటి చీకటిగానే ఉంటుంది. సినిమా హాలు త్రీడీ కళ్లద్దాలు తెచ్చి ప్రయత్నిస్తే లెక్క తప్పుతుంది, వాటిలో మామూలుగా వాడేది వృత్తాకార ధ్రువణం పొర. ఎండకు పెట్టుకునే పోలరైజ్డ్ కళ్లద్దాలు మాత్రం పనికొస్తాయి.

ఇక్కడిదాకా కాంతిని తరంగమనుకున్నా సరిపోతుంది. ఈ కోణాల లెక్క 1809లోనే మాలస్‌కు తెలుసు. "మూడు పొరలతో క్వాంటమ్‌ను రుజువు చేశాం" అని ప్రచారం చేసే వీడియోలు ఈ ముక్క దాచిపెడతాయి. చిక్కు ఫోటాన్లను, అంటే కాంతి రేణువులను, ఒక్కొక్కటిగా పంపినప్పుడు వస్తుంది. ఫోటాన్ పొరను దాటుతుంది, లేకపోతే దాటదు. సగం దాటడం అనేది లేదు. నిలువు పరీక్ష నెగ్గిన ఫోటాన్‌కు 45 డిగ్రీల పరీక్ష పెట్టాక, దానికి నిలువు అన్న గుర్తింపు మిగలదు. కొలత అంటే వస్తువులో ముందే ఉన్న గుణాన్ని చదివి రాసుకోవడమేనన్న నమ్మకానికి ఇక్కడ మొదటి దెబ్బ తగులుతుంది. ఆ నమ్మకం పూర్తిగా చెల్లుతుందో లేదో తేల్చే లెక్క 1964లో జాన్ బెల్ నుంచి వచ్చింది. ఐదేళ్లకు క్లాజర్, హార్న్, షిమోనీ, హోల్ట్ దాన్ని ప్రయోగానికి పనికొచ్చేలా మలిచారు. తెలుగు పత్రికల్లో దీన్ని సాధారణంగా "వింత" అని ఒక్క మాటలో దాటవేస్తారు. నిజానికి కూడికలు తీసివేతలు వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లకు సరిపోయే లెక్క ఇది.

జంట ఫోటాన్లు పుట్టి ఒకటి నల్లగొండకు, ఒకటి మహబూబ్‌నగర్‌కు వెళ్లాయనుకుందాం. నల్లగొండలో పొరను 0 డిగ్రీలకో 45కో పెడతారు. మహబూబ్‌నగర్‌లో 22.5కో 67.5కో పెడతారు. దాటితే +1, దాటకపోతే −1 అని రాసుకుంటారు. ఇప్పుడు మనందరికీ సహజంగా తోచే నమ్మకం ఇదీ: ఏ కోణానికి ఏ జవాబో ఫోటాన్‌లో ముందే రాసి ఉంది, నల్లగొండలో ఏ కోణం పెట్టారన్నది మహబూబ్‌నగర్ జవాబును తాకదు. అదే నిజమైతే ప్రతి జంటకూ నాలుగు జవాబులు సిద్ధంగా ఉండాలి. నల్లగొండవి న1, న2. మహబూబ్‌నగర్‌వి మ1, మ2. ఒక్కొక్కటి +1 గాని −1 గాని. ఇప్పుడు ఈ లెక్క వేయండి:

న1 × (మ1 − మ2) + న2 × (మ1 + మ2)

మ1, మ2 ఒకటే అయితే మొదటి బ్రాకెట్టు సున్నా, రెండోది +2 లేదా −2. అవి వేరువేరైతే రెండో బ్రాకెట్టు సున్నా, మొదటిది +2 లేదా −2. కాబట్టి ఏ జంట తీసుకున్నా మొత్తం +2 లేదా −2, మూడోది రాదు. లక్ష జంటల మీద సగటు తీస్తే 2 దాటే ప్రసక్తే లేదు. ఒక జంట మీద నాలుగు కోణాలూ ఒకేసారి పెట్టలేం కాబట్టి, ఏ జంటకు ఏ కోణమో యాదృచ్ఛికంగా ఎంచుకుని నాలుగు సగటులను విడివిడిగా తెచ్చి కలుపుతారు. కోణం ఎంపికకూ జంటలో దాగి ఉన్నదానికీ పొత్తు లేదన్న షరతు ఇక్కడ వచ్చి చేరుతుంది.

క్వాంటమ్ సిద్ధాంతం ఈ కోణాలకు చెప్పే విలువ 2.83. దాన్ని 1972లో ఫ్రీడ్‌మన్, క్లాజర్ పరీక్షించడం మొదలుపెట్టారు. 1982లో పారిస్ దగ్గర అలాన్ ఆస్పే బృందం కాల్షియం పరమాణువుల నుంచి వచ్చిన ఫోటాన్ జంటలతో కొలిస్తే 2.697 వచ్చింది. లోపపు హద్దు 0.015 మాత్రమే. ఒకచోటి కబురు కాంతివేగంతో ఇంకోచోటికి చేరి మోసం చేసి ఉంటుందేమో, కొన్ని జంటలను పరికరం జారవిడిచి ఉంటుందేమో అన్న అనుమానాలు మిగిలాయి. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉంచిన రెండు వజ్రాల్లోని ఎలక్ట్రాన్లతో, ఆ రెండు అనుమానాలనూ ఒకేసారి మూసేసి చేస్తే 2.42 వచ్చింది. అక్కడ ఒక వజ్రం నుంచి ఇంకోదానికి కబురు చేరడానికి కాంతికైనా నాలుగు మైక్రోసెకన్లకు పైగా కావాలి, కొలత అంతకంటే ముందే ముగిసింది. ఆస్పే, క్లాజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ ఇచ్చింది ఈ దారిలో చేసిన పనికే.

2 దాటిందంటే, మన సహజ నమ్మకంలోని షరతుల్లో కనీసం ఒకటి వదులుకోవాల్సిందే. జవాబులు ముందే రాసి ఉన్నాయన్నది ఒకటి. దూరాన చేసేది ఇక్కడి ఫలితాన్ని తాకదన్నది రెండోది. కోణం ఎంపిక జంటతో పొత్తు లేనిదన్నది మూడోది. బోమ్ రెండోదాన్ని వదిలేసి మొదటిదాన్ని నిలబెట్టుకున్నాడు. పైన చెప్పిన వెల అదే. పాఠ్యపుస్తకాల్లో మామూలుగా కనబడే కోపెన్‌హాగెన్ వివరణ బాటలో వెళ్లేవాళ్లు మొదటిదాన్ని వదిలేస్తారు. 1957లో హ్యూ ఎవరెట్ చెప్పిన ప్రకారం ప్రతి కొలతలోనూ అన్ని ఫలితాలూ వేరువేరు శాఖల్లో జరుగుతాయి, కాబట్టి ఒక్కటే జవాబు రాసి ఉందనడమే తప్పు. మూడోదాన్ని వదిలేయాలనే కొద్దిమందీ ఉన్నారు. ఈ దారుల మధ్య ఇప్పటివరకు ఏ ప్రయోగమూ తీర్పు చెప్పలేదు. నాకు మొదటిది వదిలేయడమే సబబుగా తోస్తుంది. అది నా మొగ్గు, ప్రయోగ ఫలితం కాదు. భౌతికశాస్త్రం తత్వశాస్త్రానికి ఇచ్చిన ఇంతకంటే పదునైన ఫలితం ఇంకోటి లేదని మాత్రం ఘంటాపథంగా చెప్పగలను. మూడూ కలిసి నిజం కాలేవని అర కాగితం లెక్కతో, ఒక అంకెతో తేలిపోయింది.

ఈ జంటల పేరు చెప్పి టెలిపతి, దూరవైద్యం, "మనసుల అనుసంధానం" అమ్మేవాళ్లకు ఒక్క జవాబు చాలు. మహబూబ్‌నగర్‌లో కూర్చున్న మనిషి తన కాగితం ఒక్కటే చూసుకుంటే, నల్లగొండలో ఏ కోణం పెట్టినా, అసలు పొరే పెట్టకపోయినా, ఆయనకు కనబడేది సగం +1లు, సగం −1లు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పోల్చితేనే పొత్తు బయటపడుతుంది. ఆ కాగితం బస్సులో రావాలి, లేదంటే ఫోనులో రావాలి. దీంతో కబురు పంపడం కుదరదు, రోగం పంపడమూ కుదరదు, నయం చేయడమూ కుదరదు.

"చూసేవాడు లేకపోతే ప్రపంచం లేదని క్వాంటమ్ చెప్పింది" అన్నది రెండో పెద్ద ప్రచారం. 1930 జులై 14న జర్మనీలోని కపూత్‌లో ఐన్‌స్టీన్ ఇంట్లో రవీంద్రనాథ్ టాగూర్ ఆయనతో ఇదే విషయం మీద మాట్లాడారు. మనిషి లేకున్నా సత్యం ఉంటుందని ఐన్‌స్టీన్, సత్యం మానవ చైతన్యంతో ముడిపడిందని టాగూర్. బెల్ ప్రయోగాలతో టాగూర్ గెలిచారని రాసేవాళ్లున్నారు. ఆ ప్రయోగాల్లో అంకెలు కొలిచింది పరికరం. రాత్రి గదిలో ఎవరూ లేకున్నా అది కొలుస్తూనే ఉంటుంది. కొలతలో చైతన్యానికి పాత్ర ఉందని 1961లో గట్టిగా వాదించిన యూజీన్ విగ్నర్ తర్వాత తానే ఆ వాదం వదులుకున్నాడు. ప్రవచనాల్లో మొదటి సగమే వినబడుతుంది.

ఈ విషయంలో అందరికీ చెప్పాల్సిన ప్రయోగం వియన్నాలో జరిగింది. 70 కార్బన్ పరమాణువులు బంతిలా అల్లుకున్న అణువులను జాలీల్లాంటి సన్నటి చీలికల గుండా పంపితే అవి తరంగాల్లా ప్రవర్తించి చారలు ఏర్పరుస్తాయి. ఏ చీలిక గుండా వెళ్లిందన్న ప్రశ్నకు అప్పుడు జవాబు ఉండదు. 2004లో ఆ అణువులను దారిలో లేజర్‌తో వేడి చేశారు. వేడి పెంచేకొద్దీ చారలు మసకబారి చివరికి మాయమయ్యాయి. ఎందుకంటే వేడెక్కిన అణువు కొలిమిలోని ఇనుములా వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగు తాను ఎక్కడ నుంచి వచ్చిందో కబురు మోసుకుపోతుంది. ఆ కబురును ఎవరూ చదవలేదు, చదవాలని ఎవరూ అనుకోలేదు. గోడకు తగిలి పోయింది. చారలు చెరిగిపోవడానికి అంత చాలు. ఇక్కడ "చూసినవాడు" ల్యాబు గోడ. దీన్ని డీకోహెరెన్స్ అంటారు. 1970లో జర్మనీలో డీటర్ జే దీనికి పునాది వేశాడు. మన చుట్టూ ఉన్న పెద్ద వస్తువులు రెండుచోట్ల ఉన్నట్టు ఎందుకు కనబడవో ఇది చెబుతుంది. అనేక అవకాశాల్లో ఒక్కటే ఎందుకు జరిగినట్టవుతుందో మాత్రం ఇది చెప్పదు. అక్కడ మళ్లీ బోమ్, ఎవరెట్, తక్కినవాళ్ల తగువు మొదలవుతుంది.

శక్తి గురించిన వాదన పెద్దగా సాగదీయనక్కర్లేదు. "శక్తి నశించదు కాబట్టి ఆత్మ నశించదు" అంటారు. శక్తి అంటే లెక్కలో మారకుండా నిలిచే ఒక రాశి. ప్రకృతి నియమాలు ఈరోజు, రేపు ఒకటే కావడం వల్ల అది నిలుస్తుందని 1918లో ఎమ్మీ నోయెథర్ చూపింది. విస్తరిస్తున్న విశ్వం మొత్తానికి ఈ నియమం నేరుగా వర్తించదు కూడా. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషి ఒళ్లు దాదాపు 100 వాట్ల బల్బంత వేడి విడుదల చేస్తుంది. ప్రాణం పోయాక ఒంటిలోని రసాయన శక్తి చితిలో వేడిగానో, మట్టిలో సూక్ష్మజీవులకు తిండిగానో పోతుంది. లెక్క పైసాతో సహా సరిపోతుంది. ఆత్మ ఉందా లేదా అన్నది ఈ లెక్క చెప్పదు, దాని పేరు చెప్పి రుజువు చేయడం మాత్రం కుదరదు.

"రాయిలో 99.99 శాతం ఖాళీయే, కాబట్టి రాయి మాయ" అన్నదీ ఇట్లాంటిదే. ఎలక్ట్రాన్ అనేది గోలీలా ఒక మూలన తిరగదు, దాని క్వాంటమ్ స్థితి పరమాణువంతా పరుచుకుని ఉంటుంది. మన చెయ్యి గ్రానైటు గుట్టలోకి దిగిపోకపోవడానికి కారణం, రెండు ఎలక్ట్రాన్లు ఒకే క్వాంటమ్ స్థితిలో ఉండలేవని 1925లో పౌలీ చెప్పిన బహిష్కరణ నియమం. పదార్థం కుప్పకూలకుండా నిలవడానికి ఆ నియమం కావాలని 1967లో డైసన్, లెనార్డ్ గణితంతో రుజువు చేశారు.

పదార్థవాద మిత్రులకు కూడా ఇక్కడ ఒక అంకె ఉంది. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల ద్రవ్యరాశికి వాడే కొలమానం). అందులోని మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశి కలిపితే 9 దగ్గర. అంటే వందలో ఒక వంతు. 60 కిలోల మనిషిలో క్వార్కుల సొంత బరువు ఆరేడు వందల గ్రాములు మాత్రమే. తక్కినదంతా ఆ క్వార్కుల కదలిక, వాటిని కట్టిపడేసే బలం తాలూకు శక్తి. "అంతా పదార్థమే" అనేవాళ్లు ఆ పదార్థమంటే ఏమిటో ఇప్పుడు కొత్తగా చెప్పుకోవాలి. గట్టిగా, ముద్దగా, చోటు ఆక్రమించుకుని ఉండేదని పాతకాలపు నిర్వచనం ఇస్తే కుదరదు.

కాలం సంగతి కొద్దిగా. దేవరకొండ దారి చూపించే ఫోను మ్యాపు వెనక ఉన్న జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, ఎత్తు వల్ల 45 ముందుకు పోతాయి. మొత్తం 38 ముందు. సరిచేయకుండా వదిలేస్తే కాంతి లెక్కలో రోజుకు 11 కిలోమీటర్ల తేడా పేరుకుంటుంది. అంత ఎత్తుకు పోనక్కర్లేదు కూడా. 2010లో అమెరికాలోని బౌల్డర్‌లో 33 సెంటీమీటర్లు పైకెత్తిన గడియారం తొందరగా నడవడాన్ని కొలిచారు. ఆ లెక్కన లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కేటప్పుడు ప్రతి 100 మీటర్లకు కాలం రోజుకు ఇంచుమించు ఒక నానోసెకను ముందుకు నడుస్తుంది. ముహూర్తాలు పెట్టేవాళ్లు కంగారు పడనక్కర్లేదు. కాని విశ్వమంతటికీ ఒకే "ఇప్పుడు" ఉందన్న ఊహ 1905లో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతంతోనే చెల్లకుండా పోయింది. దూరంగా జరిగిన రెండు ఘటనలు ఒకేసారి జరిగాయా అన్నదానికి జవాబు, కొలిచేవాడి వేగాన్ని బట్టి మారుతుంది. దీని నుంచి "భవిష్యత్తు ఇప్పటికే ఉంది" అని తేల్చేయడం మరో మెట్టు. ఆ మెట్టుకు ప్రయోగం ఆసరా లేదు.

నాగార్జునసాగర్ పక్కనే ఉన్నాం కాబట్టి ఆచార్య నాగార్జునుడి మాట రాక తప్పదు. ఆయనకు నాగార్జునకొండతో ఉన్న బంధం సంప్రదాయం చెప్పేదే, తవ్వకాల్లో దొరికిన శాసనం చెప్పేది కాదు. అయినా ఆయన వాదం మాత్రం నికరంగా మన ముందుంది. ఏ వస్తువుకూ ఇతరాలతో సంబంధం లేకుండా తనకు తానుగా ఉండే స్వభావం లేదన్నాడు. 1996లో ఇటలీ భౌతికశాస్త్రవేత్త కార్లో రోవెల్లీ, క్వాంటమ్ గుణాలు ఒక వ్యవస్థకు ఇంకో వ్యవస్థతో ఉన్న సంబంధంలోనే ఉంటాయని ప్రతిపాదించాడు. తర్వాత నాగార్జునుడి గురించి కూడా రాశాడు. పోలిక అసలుదే. పైన చెప్పిన షరతుల్లో మొదటిదాన్ని వదిలేయడమంటే ఏమిటో ఊహించుకోవడానికి నాగార్జునుడు పనికొస్తాడు, నా మొగ్గు అటువైపు ఉండటానికి అదీ ఒక కారణం. అంతమాత్రాన "మనవాళ్లకు రెండువేల ఏళ్ల కిందే క్వాంటమ్ తెలుసు" అంటే అది ఆయనకే అన్యాయం. ఆయన తర్కంతో చేరిన చోటికి 2.697 అన్న అంకెతో చేరలేదు, చేరాల్సిన అవసరమూ ఆయనకు లేదు. క్వాంటమ్ సిద్ధాంతకర్తల్లో ఒకరైన ష్రోడింగర్ వేదాంతం ఇష్టంగా చదివిన మాట నిజమే. 1926 నాటి ఆయన సమీకరణాన్ని నిలబెట్టింది మాత్రం హైడ్రోజన్ వర్ణపటంలోని గీతలతో కుదిరిన లెక్క.

పత్రికలకు ఒక మనవి. "శాస్త్రవేత్తలు నిరూపించారు" అని వచ్చే ప్రతి వ్యాసంలో ఏ సంవత్సరం, ఎక్కడ, ఏం కొలిచారు, ఎంత వచ్చింది అన్న నాలుగు వివరాలు రచయితను అడగండి. ఇవ్వలేకపోతే ఆ వాక్యం కొట్టేసి మిగతా వ్యాసం వేసుకోండి. దానికి ఆధ్యాత్మికంగానో సాహిత్యంగానో సొంత విలువ ఉంటే అది అట్లనే నిలబడుతుంది. జూనియర్, డిగ్రీ కాలేజీల అధ్యాపకులకు ఇంకో మనవి. మూడు పొరల ప్రయోగం, అరగంట గైగర్ లెక్క, బెల్ కూడిక, ఈ మూడూ రెండు ప్రాక్టికల్ పీరియడ్లలో అయిపోతాయి. బెల్ లెక్కకు నాలుగు జవాబులు పిల్లల చేతే రాయించండి. మొత్తం పదహారు రకాలే ఉన్నాయి, పదహారూ వేయించండి. 2 దాటించే జాబితా తెచ్చినవాళ్లకు బహుమతి ప్రకటించొచ్చు, ఆ బహుమతి డబ్బులు మీ జేబు దాటి పోవు.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ